ఐదు నిమిషాలు

కందుకూరు పోస్టాఫీసు సెంటర్లో
నా మైకుసెట్టు ఎక్కని గొంతు లేదు.
ఎర్రజెండాలోళ్ళు, ఉజ్జీవ సభలోళ్ళు,
కాషాయం స్వాములు, పొగాకు రైతుల సంఘం,
ఎవరొచ్చినా అవే రెండు హారన్లు,
గంటకింతని ఒకటే బాడుగ.
నా పేరు మస్తానయ్య.
మాయమ్మ కసుమూరు దర్గాలో మొక్కుకుంటే పుట్టినోణ్ణి.

ఆ ఏడు బేరన్లు చల్లారినాక ఆయనొచ్చినాడు.
పేరు చెప్పను. మీ నాయనల్ని అడగండి,
లేచి నిలబడి చెప్తారు.
మంగలి షాపుల్లో సినిమావోళ్ళ పక్కన
అప్పటికే ఆయన ఫోటో వేలాడతా ఉండె.
ఓగూరు నించీ పలుకూరు నించీ బండ్లు కట్టుకొని,
దేవుడు లేడని వినడానికి
తిరునాళ్ళకొచ్చినట్టు వచ్చినారు జనం,
పిల్లకాయలకి కొత్తగుడ్డలేసి.

నవ్వించినాడు. తిట్టినాడు. మళ్ళీ నవ్వించినాడు.
ఉన్నట్టుండి జేబులోంచి గడియారం తీసి
బల్లమీద పెట్టి, పైకి చూసి,
"నువ్వుంటే ఐదు నిమిషాల్లో
నా నోరు మూయించు" అన్నాడు.

సెంటరంతా చప్పబడింది.
సోడాబండోడు గోలీ కొట్టడం ఆపినాడు.
అప్పుడినపడింది నాకు
బోర్డులో చిటచిట.
ఫ్యూజుతీగ సడలి నిప్పురవ్వలు.
ఒక్క క్షణం కరెంటు తప్పితే చాలు,
లైట్లారి, హారన్లు మూగబోయి,
దేవుడొచ్చినాడని ఊరంతా నేలమీద పడతది.
నలభై ఏళ్ళు ఆయన తిరిగిన తిరుగుడంతా
నా పదిపైసల తీగకి వేలాడతా ఉండాది.

పొడిగుడ్డ చుట్టి బొటనవేలితో అదిమిపట్టినా.
గుడ్డ కాలింది. తర్వాత తోలు.
అప్పుడు, నవ్వబాకండి,
ఆయన మాట నిలబడాలని
కసుమూరు మస్తానుకి మొక్కుకున్నా.
చాలదేమోనని మాలకొండ నరసింహుడిక్కూడా.
"సామీ, ఈ ఐదు నిమిషాలు
నువ్వు లేకుండా ఉండు."

గడియారం జేబులోకి పోయింది.
చప్పట్లకి కాకులు లేచినాయి.
ఆ రాత్రే పదకొండుమంది కుర్రోళ్ళు
తాయెత్తులు తెంపి మురిక్కాలవలో ఏసినారు.
ఎందుకురా అంటే
అంతటాయనే చెప్పినాడు గదా అన్నారు.
కాళ్ళకి మొక్కబోతే ఆయన కసిరినాడు,
కసిరించుకొనే మొక్కినారు.
ఆయన తాగి వదిలిన సోడా
ఒక ముసలామె మనవడి నోట్లో పోసింది,
మాటలు బాగా వస్తాయని.

పోతాపోతా నా భుజం తట్టి
"మైకు బాగా పలికిందయ్యా" అన్నాడు.
వేలు వెనక్కి దాచుకున్నా.
చెప్పుంటే పగలబడి నవ్వేవాడేమో.
లేకుంటే, చానాసేపు ఏమీ మాట్లాడేవాడు కాదేమో.

ఇంటికాడ ఆవుదం రాస్తా మా పెంచలమ్మ అడిగింది.
"అయితే దేవుడు లేడా?"
"లేడన్నాడు."
"ఆయనన్నది ఇక్కడిదాకా ఇనపడిందిలే.
నీకేం తెలిసిందో చెప్పు."

ఏం చెప్పాల?
మొక్కుకుంటే రాలేదు.
రావద్దనే గదా మొక్కుకుంది.
మస్తాను బాకీ ఇంకా అట్నే ఉండాది.

ఇప్పుడు హారన్లు లేవు,
ఆయనా లేడు. సెంటర్లో బొమ్మ పెట్టినారు,
జయంతికి దండ, వర్ధంతికి దండ.
నేను రేషనుకి పోతే
ఆ బొటనవేలు మిషన్లో పడదు.
గీతలన్నీ కాలి నున్నగా ఉంటది.
డీలరు కుర్రోడు తెర వంక చూసి
"తాతా, నువ్వు లేవంటా ఉండాది" అంటాడు.

"ఐదు నిమిషాలాగి మళ్ళీ పెట్టు."