చెమ్మ లెక్క

పర్లాకిమిడిలో మూడు వార్డుల మీటర్లు నావి.
ఏ ఇంటి ఎర్ర లైటు ఎంత జోరుగా కొట్టుకుంటుందో
నాడి చూసినట్టు చెప్పగలను.
కొత్త మేడలంటే ఏసీలు, సరే.
పాత పెంకుటిళ్లు కూడా
పట్టపగలు ట్యూబులైట్లు వేసుకుని
మూడేసి ఫ్యాన్లు తిప్పుకుని కూర్చుంటాయి,
తమకూ కిటికీలున్న సంగతి మరిచిపోయి.

మా ఇల్లూ అంతే.

మట్టిగోడ. మూరెడు మందం.
డెబ్బై తొమ్మిదిలో మా నాన్న
రైసుమిల్లు బోనసుతో దానికి సిమెంటు తొడిగించాడు.
వీధంతా వచ్చి వేలి మెటికతో కొట్టి చూసిందట.
టక్‌మని పలికినందుకు
మిఠాయి పంచాడట.

ఆ తొడుగు లోపల
నలభై వర్షాకాలాలు ఇరుక్కుపోయాయి.
మహేంద్రగిరి మబ్బు దిగినప్పుడల్లా
చెమ్మ మోకాలిదాకా,
కొన్నేళ్లకి నడుందాకా,
కుని పుట్టేసరికి దాని మంచం ఎత్తుదాకా.
బూజు మీద నేను రంగు వేశాను.
రంగు మీద గోడ బూజు వేసింది.

రాత్రి పిల్ల ఛాతీలో పిల్లికూత మొదలైతే
నేనూ హేమలతా
చీకట్లో పంపుడబ్బా తడుముకుంటూ
ఒకరి చేతులు ఒకరం పట్టుకునేవాళ్లం.
డాక్టరు మందు రాసి,
పెన్ను మూసి, అప్పుడడిగాడు:
"పడక ఏ గోడ పక్కన?"

సెరంగో కొండ దిగి ఇసాకు గొమాంగో వచ్చాడు.
గోడకి చెవి ఆనించాడు.
"చొక్కా మీద రెయిన్‌కోటు ఏసి
నలభై ఏళ్లు ఇప్పనేదు బాబూ,
మనిషైనా కుళ్లిపోడా?"

సున్నం పదిహేను రోజులు పెరటి గోతిలో నానింది.
కరక్కాయా బెల్లం ఊరిన నీళ్లకి
ఈగలూ వీధిపిల్లలూ ఒకేసారి చేరారు.
"గోడకి బెల్లమా? మరి నాకో?" అంది కుని.
ఎదురింటి సాహుగారు గేటు పట్టుకుని
"అందరూ ముందుకెళ్తంటే
నువ్వేటి, మట్టిలోకెళ్తన్నావు?" అన్నారు.
నిరుడు మే నెల ఆయన మీటరు
నాలుగొందల పన్నెండు. నేనేమీ అనలేదు.

కునిని గుణుపురం పిన్ని ఇంటికి పంపి
పెచ్చులు కొట్టడం మొదలెట్టారు.
చూడలేక పొద్దున్నే డ్యూటీకి పారిపోయాను.
నాన్నది తప్పని ఎలా అనను?
ఆయన కాలంలో గట్టిదనమే ఆరోగ్యం.

మూడో రోజు అటక కింద
జానెడు కంత బయటపడింది, ఇటుకలతో మూసి.
ఎవరు మూశారో. చలికో, ఎలకలకో.
ఇసాకు ఒక్కో ఇటుకనీ
పన్ను పీకినట్టు పీకాడు.
ముందు దుమ్ము వచ్చింది.
తర్వాత వీధిలో సైకిలు గంట.
ఆ తర్వాత గాలి.
క్యాలెండరు కాగితం లేచి పడింది.
ఫ్యాను ఆపి ఉందా అని చూశాను.
ఆపే ఉంది.

వంటింటి మీద ఆస్బెస్టాస్ రేకు అలాగే ఉంది.
పగలగొట్టకూడదట, తడిపి, చుట్టి దించాలట.
డబ్బు చాలలేదు.
పెంకు కాల్చేవాడు కాశీనగరంలో ఒక్కడే మిగిలాడు,
వచ్చే ఏటికి అతనూ ఉంటే.

కుని జబ్బు పోయిందా అంటే, చెప్పలేను.
ఈ వానల్లో రెండుసార్లే పంపు తీసింది.
గోడ పూర్తిగా ఆరాలంటే
ఇంకో ఎండాకాలం కావాలన్నాడు ఇసాకు.
ఒకటో తారీకున డ్యూటీ దిగి,
చొక్కా విప్పకుండానే
చెమ్మ అంచున పెన్సిలు గీత గీసి
పక్కన తేదీ వేస్తాను.

ఈ నెల గీత
పోయిన నెల దానికంటే వేలెడు కిందికొచ్చింది.
వెనక్కి నడిచిన మీటరు కనబడితే
కేసు రాయడం నా ఉద్యోగం.
దీనికి రాయను.