ఫ్రేములు కట్టేవాడు

లూనెన్‌బర్గ్ రేవు వీధిలో
ముప్పైయేళ్ళుగా ఫ్రేములు కడుతున్నాను.
పెళ్ళి ఫొటోలు, మునిగిన పడవల ఫొటోలు,
ఈమధ్య ఎక్కువగా సర్టిఫికెట్లు.

డబ్బు సలహాదార్లు నాకు మంచి బేరం.
పేరు వెనక తోక ఎంత పొడుగైతే
అంత వెడల్పు అంచు అడుగుతారు.
ఒకతను శనాదివారాల శిక్షణ కాగితానికి
మహోగని కట్టించుకుపోయాడు.
నాకెందుకు?
అడుగు లెక్కన నా డబ్బు నాకిచ్చాడు.

రోవీనా క్నికిల్ తెచ్చిన కాగితం
మధ్యలో మడతపడి ఉంది.
"మామూలు పైన్ చెక్క చాలు" అంది.
మూడోసారికి గట్టెక్కిందట,
వీలునామాల పేపర్లో రెండుసార్లు పల్టీ కొట్టి.
ఇప్పటికీ ఏటేటా ఇన్ని గంటలని
చదివి చూపించాలట.
నేను అడగలేదు, గాజు కోస్తుంటే తనే చెప్పింది.

మా అన్న ఎల్డన్ పోయాక
స్కాలప్ పడవలో అతని వాటా అమ్మితే
డబ్బు నాకొచ్చింది.
ఎన్నడూ చూడనివాడికి అంత డబ్బు
చలిజ్వరం లాంటిది.
సిగ్గు విడిచి చెబుతున్నా,
ముందు మహోగని అతని దగ్గరికే వెళ్ళాను.
నేను కట్టిన ఫ్రేముని చూసి
నేనే నమ్మాను!
పది నిమిషాల్లో నా బతుక్కి మందు రాసేసి
పెన్ను మూత తీసి చేతికిచ్చాడు.
కళ్ళజోడు మర్చిపోయానని చెప్పి బయటపడ్డాను.
కళ్ళజోడు నా ముక్కుమీదే ఉంది.

రోవీనా గంటన్నరసేపు అడుగుతూనే ఉంది.
షాపు మీద అప్పెంత, వడ్డీ ఎంత,
ఆ దగ్గు ఎన్నాళ్ళుగా,
హాలిఫాక్స్‌లో కూతురితో మాటలున్నాయా.
చివరికి, "ముందు అప్పు తీర్చెయ్" అంది.
"దానికి నాకు కమీషన్ రాదు.
ఈ గంటన్నరకి ఫీజు మాత్రం ఇవ్వాలి."
పడవ వాటా మీద పన్ను సంగతి అడిగాను.
పెన్సిల్ కొరుకుతూ కాసేపు కూర్చుని
"తెలీదు" అంది.
"తెలిసినవాళ్ళని కనుక్కుని గురువారం చెబుతా."

అప్పుడు గోడకేసి చూశాను.
పైన్ ఫ్రేము, కింద ఎడమ మూల
అతుకు దగ్గర వెంట్రుకంత సందు.
సముద్రపు తేమకి చెక్క కదిలింది.
నా పనే అది.
ఆమె ఎప్పుడూ అనలేదు.

గురువారం రెండు పేజీల జవాబు
బల్లమీద సిద్ధంగా ఉంది.
నేను జిగురూ బిగింపు పట్టీ పట్టుకెళ్ళాను.
"కూర్చో" అంది.
"ఉండు, ముందు ఈ మూల" అన్నాను.