చిత్తం

మా తాత జక్కయ్య
తువ్వాలు భుజమ్మీంచి నడుముకి దించి
కామందు అరుగు కింద నుంచుని అనేవాడు:
"చిత్తం, ఆయ్."
కూలి కోసినా చిత్తమే,
ఎద్దు చచ్చి నింద తన మీద పడ్డా చిత్తమే.
ఆదివారం ప్రార్థనలో మళ్ళీ అదే మాట,
ఈసారి దేవుడికి.
చిన్నప్పుడు నాకు
ఇద్దరూ ఒకే అరుగు మీద కూర్చున్నట్టుండేది.

ఇప్పుడు నేను కువైట్‌లో, రుమైతియాలో,
ఎనిమిదేళ్ళుగా "నఆమ్, మామా" అంటున్నాను.
అరబ్బీలో చిత్తం అది.
నా పాస్‌పోర్టు బాబా గది సొరుగులో,
నా సెలవు మామా నోట్లో.

రెండు వారాలకో శుక్రవారం అబ్బాసియా వెళ్తాను.
బేస్‌మెంట్ హాలు. పది దాకా తెలుగువాళ్ళది,
పదిన్నరకి తమిళులొస్తారు.
పరిశుద్ధాత్మ కూడా గడియారం చూసుకుని దిగాలి.
షడ్రకు అయ్యగారు వారమంతా ఏసీలు బాగుచేస్తాడు,
గోళ్ళసందుల్లో నలుపు పోదు.
ఆయన సెలవు లేనిదే తలవెంట్రుకైనా రాలదన్నాడు.
ఆమేన్ అన్నాను.

మర్నాడు మచ్‌బూస్ పళ్ళెంలో
నా వెంట్రుక దొరికింది.
మామా రెండువేళ్ళతో ఎత్తిపట్టుకుని
ఇంటిల్లిపాదికీ చూపించింది.
తల వంచుకుని లోపల్లోపల అడిగాను:
ప్రభువా, ఇది నీ సెలవు మీద రాలిందా,
నేను పిన్ను సరిగా పెట్టుకోలేదా?
జీతంలో కోసిన రెండు దినార్లలో
నీ వాటా ఎంత, నా వాటా ఎంత?

కెజియా గోడ దూకింది, రంజాన్ నెలలో.
ప్రభువు నడిపించాడని సాక్ష్యం చెప్పింది,
అందరం చప్పట్లు కొట్టాం.
అలాంటి గోడే దూకి కాలు విరిగి
షెల్టర్లో పడున్న తబితని
సాక్ష్యం చెప్పమని ఎవరూ పిలవలేదు.
అయ్యగారిని అడిగాను.
హాలు ఏసీ విప్పుతున్నాడు, నిచ్చెన మీద.
స్క్రూడ్రైవర్ చాలాసేపు అటూ ఇటూ తిప్పి
"తెలీదమ్మా" అన్నాడు.
ఆయన ప్రసంగాలన్నిట్లో నాకు గుర్తున్నది అదొక్కటే.

పోయిన నెల అఖామా గడువు దగ్గరపడింది.
మామా వంటింట్లోకొచ్చి
గోధుమపిండి బల్ల మీద నా పాస్‌పోర్టు పెట్టింది.
ఉంటావా, పోతావా?
"అలా కేఫిచ్."
నీ ఇష్టం.
ఎనిమిదేళ్ళలో నాతో ఎవరూ అనని మాట.
కాళ్ళు వణికాయి. తిడితే వణకని కాళ్ళు.

రాత్రి డాబా మీద
దుమ్ముగాలికి బట్టలు గబగబా తీస్తూ
"నీ చిత్తమే ప్రభువా" అన్నాను.
జవాబు లేదు. మళ్ళీ అన్నాను.
నా గొంతులో తాత గొంతు వినబడింది,
తువ్వాలు నడుముకి దించిన గొంతు.
సిగ్గేసింది.
ఆయన్ని అరుగెక్కించి నేను కింద నుంచుంటే
నిర్ణయం నాది కాదు, రేపు తప్పైనా నాది కాదు.
అదీ నా భక్తి!

తోటలో ఆ రాత్రి ఆయన కూడా
ముందు వద్దనే అన్నాడు కదా,
ఆ గిన్నె నాకొద్దని.
స్నేహితులు గుర్రుపెడుతుంటే, ఒళ్ళంతా చెమటతో,
తన ఇష్టం తండ్రి ముందు విప్పిపెట్టాకే
తండ్రి ఇష్టం అందుకున్నాడు.
పిడికిట్లో ఏమీ లేనిదాన్ని
పిడికిలి విప్పి ఏమిస్తాను?

ఆరవేసిన దుప్పట్ల మధ్య నుంచుని
పైకే చెప్పాను, తెలుగులో:
నాకు వెళ్ళిపోవాలనుంది.
ఎవరింట్లోనూ వండాలని లేదు.
పెద్దామెని వదలాలంటే భయంగానూ ఉంది,
నా చేత్తో పెడితే తప్ప తినదు.
ఇదీ నా దగ్గరున్నది. చూసుకో.

గాలి ఆగలేదు.
ఆకాశం ఇసకరంగులోనే ఉంది.
కానీ ఎందుకో
ఎవరో అరుగు దిగి
నా పక్కన దుప్పటి రెండో కొస పట్టుకున్నట్టు
మడత తిన్నగా వచ్చింది.

బల్ల మీద సొరుగు తెరిచింది ఏ చెయ్యో,
ఆ చెయ్యి వెనక ఏ చెయ్యో
నాకిప్పటికీ తెలీదు.
కాయితం మీద సంతకం మాత్రం నాది.
పేరు చివర అక్షరం కొంచెం వంకర పోయింది.

కిందికి దిగాను. పెద్దామె మందులేళయింది.
అద్దం ముందు ఆగి
వెంట్రుకలన్నీ వెనక్కి దువ్వి
పిన్ను గట్టిగా పెట్టుకున్నాను.