నూట ఎనభై బారలు

ఇనుప కమ్మీల మూత కింద ఇప్పుడు గబ్బిలాలు.
రాయి వేస్తే
ఒకటి, రెండు, మూడు,
నాలుగు దగ్గర నీళ్ళు పలుకుతాయి.
ఆపైన ఎంత లోతో చెప్పదు.
మునిగిన రాయి కబురు పంపదు.

కార్న్‌వాల్ కొసన, సముద్రం ఒడ్డున
వీల్ టామ్‌సిన్ అంటారు దీన్ని.
టామ్‌సిన్ ఎవరో వాటాదారు భార్య కావచ్చు.
దిగి చూసి ఉండదు.

మొదట కొండచరియ మీద ఒక చిలుము మరక,
తోమని చెంబు అంచున ఉండేలాంటిది.
ఆ మరక వెంటే పోయి పోయి
మనవళ్ళ కాలానికి సముద్రం కిందికి చేరారు.
తుఫాను రాత్రుల్లో నెత్తి మీద బండలు దొర్లేవి.
టోపీకి బంకమట్టితో అతికించిన కొవ్వొత్తి వెలుగులో
మాటలాపి వినేవారు,
పైకప్పు ఇంకా ఎన్ని అడుగులుందోనని.

చిట్టా పుస్తకంలో ఒక నవంబరు పేజీ:
కొవ్వొత్తులు, ఇరవై పౌన్లు.
గొలుసు, తెగినది, ఒకటి.
జేబెజ్ ట్రెవారో.
గుర్రాల దాణా.
ఆ పేరుకెదురుగా ధర వేయలేదు గుమాస్తా.
అతనికి చేతనైన మర్యాద అది.

జేబెజ్ కూతురు లవ్‌డే
పైన సుత్తితో ఖనిజం పగలగొట్టేది.
పదహారేళ్ళు. రోజుకు ఎనిమిది పెన్నీలు.
నాన్న ఎంత లోతులో ఉన్నాడని కెప్టెన్‌ని అడిగింది.
నూట ఎనభై బారలు, అన్నాడు.

ఆదివారం ప్రార్థన ఎగ్గొట్టి
గని నోటి దగ్గర మొదలుపెట్టింది.
చేతులు చాచి నేల మీద బోర్లా పడుకోవడం,
గుర్తు పెట్టి లేవడం,
మళ్ళీ పడుకోవడం.
ఆమె బార పొట్టిది;
ప్రతి బారకీ జానెడు కలిపింది.
చాపెల్ దాటింది. పందుల దొడ్డి దాటింది.
తమ గుమ్మం దగ్గర ఆగుతుందనుకుంది,
ఆగలేదు.
చివరి బార
పక్కింటి పాస్కోల టర్నిప్ మడిలో పడింది.
మట్టి కొట్టుకున్న గౌనుతో నిలబడి వెనక్కి చూసి
"ఇంతేనా?" అందట.
"రొట్టె చల్లారేలోపు తెచ్చి ఇచ్చేదాన్నే."

ఈ సంగతి ఆ పాస్కోల మునిమనవడు చెప్పాడు.
మడి ఏదో చూపించలేకపోయాడు,
ఇప్పుడక్కడ కార్లు ఆపుతారు.

తర్వాత రాగి ధర పడింది.
మగవాళ్ళు చిలీకో ఆస్ట్రేలియాకో ఓడెక్కారు.
పంపులు ఆగిన రోజు
ఊరంతా నిద్రపట్టక మేలుకుందట,
అంత నిశ్శబ్దం.

మూత బిగించే ముందు లోతు చూడమని
కౌన్సిల్ నన్ను పంపింది.
సీసం గుండు కట్టి తాడు వదిలాను.
తొంభై ఒక్క బారల దగ్గర
ఏదో మెత్తటిదానికి తగిలి ఆగింది.
కర్రో, బురదో.
అడుగు మాత్రం కాదు.

ఫారంలో లోతు అనే గడి ఉంది.
పెన్ను పట్టుకుని చాలాసేపు కార్లోనే కూర్చున్నాను.
తాడు పట్టిన అరచేతుల్లో
సన్నగా, పచ్చగా చిలుము.