పది సెకన్లు

పిక్క అని పేరు పెట్టింది మా సుభాసిని.
జీడిపిక్క రంగే. బరంపురం సంతలో
బుట్టలోంచి తీసినప్పుడు పిడికెడు కూడా లేదు.
తెలుగులో దీన్ని సీమపంది అంటారని చెప్పానని
రెండ్రోజులు నాతో మాట్లాడలేదు.

నిన్న రాత్రి కొత్తిమీర ముట్టలేదు.
దోసకాయ ముక్క ఎండి, అంచులు లేచి
పడవలా వంగిపోయింది.
డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి.
చెవి దగ్గరగా పెడితే
లోపలెవరో పేలాలు వేయిస్తున్నట్టు చిటపట.
"అమ్మా, ఇది పరిగెట్టలేదు కదా,
ఎందుకు రొప్పుతోంది?"

నాకేం తెలుసు.
గుణుపురం బస్టాండు పక్కన జెరాక్స్ కొట్టు దాన్ని.
కాగితం ఇరుక్కుంటే తియ్యగలను, అంతే.

గోడ గడియారం కింద చాప వేసుకుని లెక్కపెట్టాం.
పది సెకన్లకి ఇరవై ఆరు.
మళ్ళీ.
ఇరవై ఏడు.
ఆరుతో హెచ్చవేసి
లెక్కల పుస్తకం వెనక అట్ట మీద రాసింది పిల్ల:
నూట అరవై రెండు.
కింద గీత గీసింది, జవాబు వచ్చినట్టు.

పొద్దున్నే పశువుల ఆసుపత్రి.
ముందు ఒక ఉబ్బిన మేక, దాని ముందు
కొమ్ము విరిగిన ఎద్దు. వెనక మేము,
చిల్లులు పొడిచిన మిఠాయి డబ్బాతో.
రిజిస్టరులో గడులు నాలుగే:
గొడ్డు, మేక, కోడి, కుక్క.
"మూషా?" అన్నాడు గుమాస్తా.
ఎలక కాదంది పిల్ల.
"ఠెకువా?"
కుందేలూ కాదు.
చివరికి మార్జిన్లో ఏదో గీకి
రోగం దగ్గర గుండ్రటి ఒడియా అక్షరాల్లో
"నిశ్వాస" అని రాశాడు.
ఆ ఒక్క మాటకీ నాకు తర్జుమా అక్కర్లేకపోయింది.

డాక్టర్ సబర స్టెతస్కోపు బిళ్ళ
దాని రొమ్ముకంటే పెద్దది.
భువనేశ్వర్‌లో ఎవరికో ఫోను చేసి చాలాసేపు విన్నాడు.
మేకలకిచ్చే మందు దీనికి విషం కావచ్చన్నాడు.
చుక్కల మందేదో రాశాడు, జామకాయ పెట్టమన్నాడు.
తర్వాత డబ్బా అడుగు వేలితో కెలికి
"కింద పరిచేది ఏమిటి?"

రంపప్పొట్టు.
వాళ్ళ నాన్న తెస్తాడు. మిల్లులో ఊరికే వస్తుంది.

వాసన చూసి తుమ్మాడు.
"ఈ దుమ్మంతా పీలుస్తోంది. ఇవాళే తీసెయ్యండి.
ఎన్నాళ్ళయింది?"
నాలుగు నెలలన్నాను.

ఆటోలో సగం దూరం వచ్చాక
ఇంకో లెక్క తట్టింది నాకు.
ఇరవై రెండేళ్ళు.
పైకి అనలేదు. పిల్ల డబ్బా చిల్లుకి కన్ను ఆనించి ఉంది.

కొట్లో పాడైన కాగితాలు పరుద్దామనుకున్నా,
సిరాపొడి గుర్తొచ్చి మానేశాను.
నా పాత నేతచీర చింపాను.

సాయంత్రం లోకనాథం గుమ్మం దగ్గరే ఆగాడు.
చొక్కా విప్పి వీధిలో దులిపాడు.
పెళ్ళయ్యాక ఒక్కరోజూ చెయ్యని పని,
పిక్క కోసం చేశాడు.
చేతిలో సంచి, మళ్ళీ పొట్టే. నిన్ననే అడిగి పెట్టించాడట.
ఎక్కడ పెట్టాలో తెలీక
అటూ ఇటూ చూసి, కాలవలో పోస్తే
వంశధార దాకా పోతుందేమోనని
మెట్టు మీదే పెట్టి దగ్గాడు.

పడుకోబోయేముందు పాలిథిన్ కవరు గలగలలాడింది.
"క్వీ" మన్నది గూట్లోంచి.
సన్నగా, అరువు గొంతుతో.
పిల్ల లేచి కూర్చుంది.
పది సెకన్లకి పందొమ్మిది.

దీపం తీసేశాక నిద్ర రాలేదు నాకు.
గడియారం ముళ్ళు పచ్చగా వెలుగుతున్నాయి.
ఆయన వీపు మీద చెయ్యి వేశాను, మెల్లగా.
ఒకటి.
రెండు. అడుగున ఎక్కడో సన్నటి రంపం.
మూడోది ఆగింది, వెతుక్కుంది,
వచ్చింది.

మళ్ళీ మొదట్నుంచి లెక్కపెట్టాను.