పేర్లు పడేదాకా

ఒక్క మాట ముందే చెప్పేస్తాను:
రక్తం నీలంగా మెరవదు.
చిక్కడపల్లి ల్యాబులో పదకొండేళ్ళుగా
రాత్రి డ్యూటీలో
ఊళ్ళోవాళ్ళ నెత్తురు గాజుపలకల మీద చూస్తున్నదాన్ని.
సూపర్ హీరోదైనా సరే
పది నిమిషాలు బయట పెడితే గడ్డ కడుతుంది.

తెర మీద సైంటిస్టు పిపెట్ పట్టుకున్న తీరుకు
నేను పళ్ళు నూరుతుంటే
ముబీనా మోచేత్తో పొడుస్తుంది.
"వైరస్ లీకైంది, ఊరంతా చస్తున్నది,
నీకు గ్లౌజుల గొడవేందే!"

నా గొడవ అదే.
గ్లౌజు లేని చేతిని చూస్తే నాకు నవ్వొస్తుంది, భయం రాదు.
థ్రిల్లర్ అంటే బాంబు మీద ఎర్రంకెలు కాదు,
రిపోర్టు కవరు చించబోతూ
ఆగిపోయిన వేలు.
కాలంలో వెనక్కి పోయేవాడు
దేశాన్ని కాపాడటానికి పోనక్కర్లేదు.
పొద్దున స్టవ్ ఆపానా లేదా
చూసొద్దామని పోవాలి,
అక్కణ్ణుంచి లెక్క తప్పాలి,
నా చేతిలో సమోసా చల్లారిపోవాలి.

ఇంకొకటి.
పైనుంచి దిగేవాళ్ళు ఎప్పుడు దిగినా
ఆ అద్దాల ఊళ్ళకే దిగుతారేం?
మౌలాలి వైపు ఒకసారి చూడండి.
గుండు మీద గుండు, దాని మీద
ఇప్పుడో ఇంకాసేపటికో దొర్లేట్టు ఇంకో గుండు.
రెండువందల యాభై కోట్ల ఏళ్ళుగా దొర్లలేదు.
ఎవరో ఆట మధ్యలో లేచిపోయినట్టు లేదూ?
పైసా ఖర్చు లేని సెట్టింగు.
ఒక్కడూ కెమెరా పెట్టడు.
నానక్‌రాంగూడలోవి అప్పుడే పేల్చేశారు,
ఆ పేలుడు మాత్రం గ్రాఫిక్స్ కాదు,
మా పిన్ని వాళ్ళ కిటికీ పగిలింది.

ముబీనాకి ఇవేవీ పట్టవు.
ఆమెకు ఎగిరేవాడు కావాలి.
ఒంటి చేత్తో బస్సు ఆపాలి,
విలన్ రెండుసార్లు చావాలి.
ఒకరోజు గట్టిగానే అడిగాను,
ఈ పిల్లలాట ఎట్లా చూస్తావే అని.
ముబీనాది అంబులెన్స్ కాల్ సెంటర్లో నౌకరీ.
"బండి బయల్దేరిందమ్మా, లైన్‌లోనే ఉండండి"
అని రోజుకు రెండొందలసార్లు చెబుతుంది.
"అబద్ధమని నాకెరుకే.
పిలవంగనే, పంజాగుట్ట సిగ్నల్ లేకుండా
వచ్చేటోణ్ణి వారానికొక్కసారన్నా చూడకుంటే
సోమవారం ఆ హెడ్‌ఫోన్ పెట్టుకోలేను."

దానికి నా దగ్గర జవాబు లేకపోయింది.
ఆ దుప్పటి మాత్రం అనవసరం అన్నాను,
ఎస్కలేటర్లో ఇరుక్కుంటుంది.

క్రాస్‌రోడ్స్‌లో సెకండ్ షో అయిపోయాక
అందరూ పార్కింగ్ కోసం పరుగెత్తుతారు.
మేం లేవం.
పేర్లన్నీ పోయాక దాచిపెట్టిన సీనుంటుంది కదా.
వాన గీసినవాళ్ళు, వెంట్రుకలు కదిలించినవాళ్ళు,
వందలకొద్దీ పేర్లు కింది నుంచి పైకి పాకుతాయి,
ఏ ఒక్కటీ ఆగదు.
చీపురు పట్టుకుని మా వరస చివర
జంగయ్య కూడా నిలబడతాడు,
మమ్మల్ని లేవమనడు.
నాలుగాటలు, మూడు వారాలు,
అతను చూసిందల్లా ఆ చివరి సీనొక్కటే.
ముందు కథంతా తనే అల్లుకున్నాడట, వెనక నుంచి.

"బూడిదలకెల్లి చెయ్యి లేస్తది చూడు,
ఆ చెయ్యి వాళ్ళన్నది, ఔనా?
చిన్నప్పుడు ఇద్దరూ రొట్టె కాడ కొట్లాడుకున్నరు.
అన్న అలిగి పోయిండు."

సినిమాలో అన్నా లేడు, రొట్టే లేదు.
రెండు గంటల నలభై నిమిషాల్లో
దానికి సగం కథైనా లేదు.

ముబీనా నోరు తెరిచింది.
నేను ఆమె కాలు తొక్కాను.
అప్పటికే జంగయ్య చెయ్యి అడ్డం పెట్టాడు,
"చెప్పకుండ్రి మేడం. ఖరాబైతది,"
అని మా కాళ్ళ కిందికి వంగి
పాప్‌కార్న్ ఊడ్చుకుంటూ పోయాడు.