కుడిచెవి

ముప్పై ఒక్క ఏళ్ళు టగ్గు మీద సరంగుని.
వాయుగుండం పట్టిన రోజున కూడా
గ్లాసులో టీ ఒలకనివ్వనివాణ్ణి.
ఆవేళ మల్కాపురంలో, మేడ మీది గదిలో
కుడి పక్కకి ఒత్తిగిలితే
ఫ్యాను కాదు, స్లాబే తిరిగింది.
మంచం కోడు పట్టుకున్నాను
తెగబోయే రేవుతాడు పట్టుకున్నట్టు.

కేజీహెచ్‌లో చిన్న డాక్టరమ్మ
గభాలున నన్ను వెనక్కి వాల్చి
కళ్ళలోకి చూసి నవ్వింది:
"చెవిలో ఇసక రేణువుల్లాంటివి చోటు తప్పాయి తాతా,
సముద్రం తప్పేం లేదు."
మెడనొప్పి ఉందా అని రెండుసార్లు అడిగింది.
చీటీ మీద కుడిచెవి అని రాసి సున్నా చుట్టింది.
తనే ఒకసారి చేయించింది.
ఇంటి దగ్గర గుర్తు చెయ్యడానికి యాప్ ఉంది, అంది.

యాప్ మొదటి ప్రశ్న: ఏ చెవి?
రెండో ప్రశ్న: మీ కాంటాక్టులు చూడొచ్చా?
నా చెవిలో ఇసక్కి
మా వియ్యపురాలి నంబరెందుకు?
వద్దని నొక్కాను. కోప్పడలేదు, పనిచేసింది.

మొదటి రాత్రి ఒక్కణ్ణే చేశాను, మొండిగా.
బొమ్మ ఎటు తిరిగిందో చూద్దామని
పడుకున్నవాణ్ణి తలెత్తాను.
గది బోర్లాపడింది.

మర్నాటి నించి ఫోను ఎర్నమ్మ చేతిలో.
తనకి చదువు రాదు. బొమ్మ చూసి నా గడ్డం తిప్పుతుంది.
భుజాల కింద దిండు, పక్కన బకెట్టు,
మంచం అంచున అడ్డంగా తను.
"కుడికి. సగమే. ఊ, వాలు."
నా కళ్ళు వలలో చేపల్లా కొట్టుకుంటుంటే
లెక్కపెడుతుంది.
యాప్ ముప్పై అనేసరికి
తను ఇరవై రెండులో ఉంటుంది.
ఎవరి ముప్పైకి కదలాలో నాకు తెలుసు.

ఓ ఆదివారం పొద్దున్న
కదలకుండా కూర్చునే ఉన్నాను, అయినా తూలు.
ఎర్నమ్మ ఇద్దరుగా కనిపించింది.
"మొదలుపెడదామా?" అంటోంది యాప్
పచ్చటి బొత్తాంతో.

చీటీ వెనక ఉన్నవి ఎప్పుడో చదివి వినిపించాను,
తను వేళ్ళ కణుపుల మీద పెట్టుకుంది:
ఒకటి రెండుగా కనిపిస్తే,
మాట ముద్దయితే,
చెయ్యో కాలో పట్టు తప్పితే,
ఎన్నడూ లేని తలపోటొస్తే.
బొత్తాం నొక్కలేదు.
అదే ఫోన్లో నూటెనిమిది నొక్కింది.

రెండు రోజులుంచుకుని పంపారు.
ఏమైందమ్మా అంటే
"తొందరగా వచ్చారు" అని ఊరుకుంది డాక్టరమ్మ.
ఒక మాత్ర పెరిగింది.

మళ్ళీ చెయ్యొచ్చని తను చెప్పాకే
మళ్ళీ ఈ దిండు, ఈ బకెట్టు.
డాల్ఫిన్స్ నోస్ మీంచి వెలుగు
గోడ మీదుగా తిరిగి వెళ్తోంది.
యాప్ టంగుమంది. భుజం ఎత్తబోయాను.

"లేవకు," అంది ఎర్నమ్మ,
"ఇంకా ఎనిమిదున్నాయి."